ఏమీ తగిలించని మేకు

ఫిబ్రవరి 6

నాయనమ్మగారికి,

మీ మనవడి భార్య నమస్కారాలు. మీ తుంటి ఎలా ఉంది? కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడుస్తున్నారని అత్తయ్యగారు చెప్పారట. ఫోను చేద్దామంటే మీకు సరిగా వినపడదు, నాకు మాట రాదు. ఉత్తరమే మనిద్దరికీ మేలు అన్నారు మీ మనవడు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మీరు ఒక్కరే నవ్వుకోండి, అత్తయ్యగారికి చూపించకండి.

మీరు బస్సు మెట్టు మీంచి పడి, కట్టు కట్టించుకుని, అటునుంచి అటే అత్తయ్యగారి ఊరు వెళ్ళి రెండు నెలలు దాటింది. ఇల్లు బాగానే ఉంది. మీ గది రోజూ ఊడుస్తున్నాను. నిన్న గోడలు దులుపుతుంటే ఒక సందేహం వచ్చింది. కిటికీ పక్కన గోడకి ఒక మేకు ఉంది. చాలా గట్టి మేకు. దానికి ఏమీ తగిలించి లేదు. సరిగ్గా దాని కింద బల్ల మీద మీ అద్దం గోడకి ఆనించి ఉంది. మేకుండగా అద్దం బల్ల మీద ఎందుకుంది? మీ మనవణ్ణి అడిగితే, "అది అంతే, నా చిన్నప్పట్నుంచీ అంతే" అన్నారు.

ఇంకో సంగతి. మొన్న సోమవారం ఇంటాయన వచ్చాడు. కింద వెనకవైపు గదిలో ఉంటాడే, ఎప్పుడూ భుజాన పనిముట్ల సంచీతో తిరుగుతాడు, ఆయనే. నేను తలుపు వెనక నిలబడ్డాను. "వంటింట్లో పంపు కారుతున్నట్టుంది, కింద గోడ చెమ్మగా ఉంది. మార్చనా అమ్మాయ్?" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నాను. ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. మీ గది వైపు రెండుసార్లు చూశాడు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. తర్వాత పది నిమిషాల్లో కొత్త పంపు బిగించి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఒక్క చుక్క కారడం లేదు. మొహం చూసుకోవచ్చు, అంత మెరుస్తోంది. నాకైతే సంతోషంగానే ఉంది. కానీ ఎదురింటి టీచరుగారు అది చూసి నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. పై అంతస్తు దర్జీ బాబాయి మెట్ల మీద ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. నేను ఏదైనా దొంగతనం చేశానా?

మీ మనవరాలి లాంటి
నేను


ఫిబ్రవరి 14

పిల్లా,

నీ ఉత్తరం చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. నాచేత వ్యాయామం చేయించే అమ్మాయి మూడు వారాలుగా చేయించలేనిది నీ ఉత్తరం ఒక్క నిమిషంలో చేయించింది.

ఆ పంపు ఇవాళే పీకించు. పాత పంపు పారేశావా? పారేసి ఉంటే వెతుకు. దర్జీ దగ్గర పానా ఉంది, మనవణ్ణి పంపించి బతిమాలించు. కొత్తదాన్ని కాయితంలో చుట్టి, గీత పడకుండా, ఇంటాయన గుమ్మం ముందు పెట్టి రండి. ఎందుకో చెబుతాను, బుర్రలో పెట్టుకో.

మన మేడకి అద్దె ఖాయం చేసింది అద్దెల ఆఫీసు. ఇంటాయన తన ఇష్టానికి పెంచడానికి వీల్లేదు. ఆయనకి ఉన్నది ఒక్క సందు. ఇంటికి తాను కొత్తగా ఏదైనా చేయిస్తే, అద్దెకున్నవాళ్ళు కాదనకుండా వాడుకుంటే, దాన్ని 'సౌకర్యం' అని కాయితం పెట్టి అద్దె పెంచుకోవచ్చు. అందుకని ఆ మేడలో పద్నాలుగు ఇళ్ళూ ఒక్క మాట మీద ఉన్నాం. గడియ ఊడితే మనమే బిగించుకుంటాం. పెచ్చులు రాలితే మనమే పూసుకుంటాం. మెట్ల మీద ఆయన బల్బు పెడితే, అది తీసి ఆయన గుమ్మం ముందు పెట్టి, మన బల్బు పెట్టుకుంటాం. ఇంటాయన చేత ఒక్క మేకు కూడా కొట్టించుకోకూడదు. నీకు పెళ్ళయి ఏడాది దాటింది, ఇంతవరకు ఈ సంగతి చెప్పకపోవడం నాదే తప్పు. నువ్వు ఏదీ అడగవు కదా, అన్నీ తెలుసనుకున్నాను.

రెండోది ఇంకా ముఖ్యం. ఇల్లు నా పేరున ఉంది. ఎవరి పేరున ఉందో ఆ మనిషి ఇంట్లో ఉండాలి. ఆరు నెలలు కనపడకపోతే, ఆఫీసు అద్దె పోయి ఆయన నోటికొచ్చిన అద్దె వస్తుంది. కాబట్టి నేను ఇక్కడున్నట్టు ఆయనకి తెలియకూడదు. అడిగితే "లోపల ఉన్నారు" అను. రెండు మాటలే. అవైనా వస్తాయా నీకు?

మేకు సంగతి తర్వాత. దాన్ని ముట్టుకోకు.

నీ మొగుణ్ణి పెంచిన దాన్ని


ఫిబ్రవరి 24

నాయనమ్మగారికి,

నమస్కారాలు. పాత పంపు పారేయలేదు. బొగ్గుల బుట్టలో దాచాను, ఎందుకు దాచానో నాకే తెలీదు. దర్జీ బాబాయి వచ్చి బిగించి, "చిన్నపిల్లవి, తెలీక చేశావులే" అన్నాడు. మళ్ళీ చుక్క చుక్క కారుతోంది. మేడంతా నాతో మాట్లాడుతోంది.

కొత్త పంపు ఆయన గుమ్మం ముందు పెట్టిన గంటకే ఇంటాయన పైకి వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. నవ్వుతూ వచ్చాడు. "ఎవరు తీయమన్నారు? పెద్దావిడేనా? లోపల ఉందా?" అన్నాడు. మీరు చెప్పమన్న రెండు మాటలూ గొంతు దాకా వచ్చాయి. అబద్ధం ఆడటం రాక కాదు నాయనమ్మగారూ, అబద్ధానికైనా నోరు తెరవాలి కదా. తల వంచుకుని నిలబడ్డాను. అది ఊపినట్టో ఊపనట్టో ఆయనకే తెలియాలి.

అందుకని నోటితో చెప్పలేనిది ఇంకోలా చెబుదామని, మీ చెప్పులు తుడిచి మీ గది గుమ్మం దగ్గర పెట్టాను. తలుపు దగ్గరగా వేసి ఉంచుతున్నాను. మీ గది ఖాళీగానే ఉంది కదా అని నా కుట్టుమిషను కూడా అందులో పెట్టుకున్నాను. పగలంతా అక్కడే. కిటికీలోంచి వెలుతురు ఎంత బాగా వస్తుందో! సూదిలో దారం ఒక్క విసురుకే ఎక్కుతోంది.

ఒక వింత చెప్పనా? ఇంటాయన అప్పట్నుంచి రోజూ వస్తున్నాడు. గుమ్మంలో నిలబడి, దగ్గి, "పెద్దావిడ ఎలా ఉంది?" అని అడుగుతాడు. అద్దె మాట ఎత్తడు. జవాబు రాకపోయినా కాసేపు ఉండి వెళ్ళిపోతాడు. మీ గది తలుపు కొంచెం తెరిచి ఉంటే ఆయన చూపు తిన్నగా ఆ మేకు మీదికి వెళ్తుంది. మంచం మీదికి కాదు, చెప్పుల మీదికి కాదు. ఎందుకు? మీరు తర్వాత చెబుతానన్నారు. తర్వాత అంటే ఎప్పుడు?

ఉంటాను


మార్చి 3

పిల్లా,

మిషను సంగతి చదివాను. ఆ కిటికీలో వెలుతురు బాగుంటుందని నాకు తెలుసు. నలభై ఏళ్ళు చూశాను. నా మంచం ఎటు జరిపారని నేను అడగటం లేదు.

మన ఉత్తరాలు చదివి కాల్చెయ్యి. కవరు మీద ఇక్కడి ముద్ర పడుతుంది. ఒక్కటి ఆయన కంట పడితే చాలు, నేను ఇంట్లో లేనట్టు నా చేతిరాతతోనే రుజువు.

ఆయన రోజూ వచ్చేది నా మీద బెంగతో అనుకుంటున్నావేమో. ఇరవై రెండో ఏట తండ్రి పోయి మేడ ఆయన చేతికొచ్చిన నాటి నుంచి చూస్తున్నాను. ఆ మనిషి ఊరికే మెట్టు ఎక్కడు. ఆఫీసులో మూడుసార్లు వాదించాం, మూడుసార్లూ నేనే గెలిచాను. ప్రతిసారీ బయటికొచ్చి, "మళ్ళీ కలుద్దాం పెద్దమ్మా" అనేవాడు.

దగ్గు ఇంకా ఉందా? ఎండుదగ్గా, కఫమా? ఊరికే అడిగాను.

వ్యాయామం బాగానే ఉంది.

నాయనమ్మ


మార్చి 12

నాయనమ్మగారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలీక రెండు కాయితాలు చించాను. అద్దెల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పేరున ఉన్న మనిషి ఇల్లు వదిలేసిందని ఇంటాయన అర్జీ పెట్టాడట. ఏప్రిల్ 9న విచారణ. ఆయనకి ఎలా తెలిసిందో చెప్పేస్తాను, తర్వాత మీరు ఎన్ని తిట్టినా పడతాను.

నోటీసు వచ్చిన మర్నాడు నీళ్ళ బిందెతో మెట్లెక్కుతుంటే ఆయన పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. నాకు భయం కన్నా తెలుసుకోవాలన్న ఆత్రం ఎక్కువైంది. మొదటిసారి తల ఎత్తి ఆయన మొహంలోకి చూశాను. అడగకుండానే ఆయనే చెప్పాడు.

"చూడమ్మాయ్, మీ చెప్పులూ తలుపూ అన్నీ చూశాను. అవేం అక్కర్లేదు. పంపు మార్చిన రోజే నాకు తెలిసిపోయింది. ముప్ఫై ఏళ్ళలో నేను ఆ ఇంట్లో పానా బయటికి తీసిన ప్రతిసారీ ఆవిడ అరుపు కింద వీధి దాకా వినపడింది. ఆ రోజు నేను పంపు విప్పాను, బిగించాను, నీళ్ళు వదిలి చూశాను. ఒక్క కేక లేదు. ఆవిడ ఇంట్లో ఉంటే అది జరిగే పనేనా?"

నా నోరు పెగలకపోవడం వల్లే ఇదంతా జరిగింది. పంపు ఆయన పెట్టిన పరీక్ష. నేను ఊరుకుని జవాబు చెప్పేశాను.

బయట ఇళ్ళ అద్దెలు మనం ఇచ్చేదానికి నాలుగింతలట. మీ మనవడి ప్రెస్సుకి నడిచి వెళ్ళే దూరంలో ఇంకేదీ దొరకదట. మీ మనవడు అన్నం ముందు కూర్చుని ఊరి చివర గదుల గురించి మాట్లాడుతున్నారు. మా పుట్టింట్లో పదకొండు మందిమి రెండు గదుల్లో పెరిగాం. నాకంటూ ఒక కిటికీ ఉండటం ఇదే మొదటిసారి. ఇది మీకు చెప్పాలో లేదో తెలీదు.

మీరు అడిగినదానికి జవాబు. దగ్గు ఎండుదగ్గే, పొద్దునపూట ఎక్కువ. ఉత్తరాలు మాత్రం కాల్చలేకపోయాను. నాకు ఇంతవరకు ఎవరూ ఉత్తరాలు రాయలేదు. బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించాను.

తప్పు నాదే.


మార్చి 19

పిల్లా,

ఏడవకు. ఆయన నాకే ఎన్నో వలలు పన్నాడు, నువ్వెంత.

విచారణకి ముందే నేను వచ్చేస్తున్నాను. ఏప్రిల్ 5న మనవణ్ణి పంపు. బస్సులో ముందు సీటు చూడమను. మెట్లెక్కి ఆ గుమ్మంలో నిలబడి ఒక్క కేక వేస్తే ఆయన అర్జీ గాలికి పోతుంది. మీ అత్తయ్యకి ఇంకా చెప్పలేదు, చెబితే తలుపుకి తాళం వేసే రకం. నువ్వూ చెప్పకు.

నా గది సర్ది ఉంచు.

వచ్చేస్తున్న
నాయనమ్మ


మార్చి 27

నాయనమ్మగారికి,

మీరు రావద్దు.

అత్తయ్యగారు మీ మనవడికి రాశారు. మెట్లు ఎక్కనే కూడదని డాక్టరు చెప్పాడట. మన ఇంటికి యాభై నాలుగు మెట్లు. నేను రోజూ లెక్కపెడతాను. మీరు పడితే ఇల్లు ఉండి ఎందుకు?

విచారణకి మేము వెళ్తాం. గది సంగతి నేను చూసుకుంటాను. మీరేం ఆలోచించకండి.

రాయడానికి చాలా ఉంది కానీ, ఈ ఉత్తరం మీరు బయల్దేరేలోపు అందాలని ఇంతటితో పోస్టు డబ్బాలో వేస్తున్నాను.


ఏప్రిల్ 2

రావద్దన్నావు, రాను. గది సంగతి నువ్వే చూసుకుంటానన్నావు, సంతోషం. మిషనుకి నూనె వేస్తూ ఉండు.

కళ్ళు లాగుతున్నాయి. ఇక ఉత్తరాలు రాయలేను.


ఏప్రిల్ 11

నాయనమ్మగారికి,

మీరు ఇక రాయనన్నారు. రాయకపోయినా ఇది చదవండి. చాలా పెద్ద ఉత్తరం, రెండు విడతలుగా చదువుకోండి.

తొమ్మిదో తారీఖు పొద్దున్నే వెళ్ళాం. మేడలో వాళ్ళు సగం మంది వచ్చారు. టీచరుగారు బడికి సెలవు పెట్టారు. అద్దెల ఆఫీసంటే ఏదో పెద్ద కోర్టులా ఉంటుందనుకున్నాను. పొడుగాటి గది, నాలుగు బెంచీలు, ఒక మూల విరిగిన కుర్చీల కుప్ప. ఆఫీసరు ఆడమనిషి! మెడలో దారానికి కళ్ళజోడు వేలాడుతోంది. నాకు అప్పుడే సగం భయం పోయింది. ఇంకో సగం మిగిలింది.

మీ మనవడు లేచి, బట్టీపట్టింది మొదలుపెట్టారు. ఆఫీసరుగారు చెయ్యి ఎత్తి, "పగలు ఇంట్లో ఎవరుంటారు?" అన్నారు.

"నా భార్యండి."

"అయితే ఆవిణ్ణి చెప్పనివ్వండి."

లేచాను.

"పెద్దావిడ ఇప్పుడు ఇంట్లో ఉన్నారామ్మా?"

మీరు నేర్పిన రెండు మాటలూ గుర్తున్నాయి. కానీ ఆవిడ నా మొహంలోకే చూస్తున్నారు. "లేరండి" అన్నాను. వెనక బెంచీ మీద దర్జీ బాబాయి "అయిపోయాం" అని తల పట్టుకున్నాడు, వినపడింది.

"ఎప్పట్నుంచి లేరు?"

"డిసెంబరు నాలుగు నుంచండి. తుంటి విరిగింది."

"అంటే ఇల్లు వదిలేసినట్టేగా?"

"లేదండి."

"మనిషి లేదంటున్నావు, వదల్లేదంటున్నావు. రెండూ ఎలా కుదురుతాయి?"

మాటల్లో చెప్పడం నావల్ల కాదు. చేతిసంచీలోంచి బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. మీరు కాల్చమన్న ఉత్తరాలు. డబ్బా ఎందుకు తెచ్చానని అడగకండి, ఇంట్లో వదిలి రాబుద్ధి కాలేదు. మూత బిగుసుకుపోయి రాలేదు. ఇంటాయనే సంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, "ఇలా ఇవ్వండి" అన్నాడు. మేడవాళ్ళంతా "వద్దు వద్దు" అని ఒక్కసారి అరిచారు. ఆఫీసరుగారికి ఏమీ అర్థం కాలేదు. చివరికి టీచరుగారు తాళంచెవితో తెరిచారు.

ఆఫీసరుగారు మీ మొదటి ఉత్తరం పైకి చదివారు. పంపు పీకించమన్న దగ్గర నవ్వు ఆపుకున్నారు. మంచం మీద లేచి కూర్చున్న దగ్గర ఆపుకోలేకపోయారు. ఇంటాయన లేచి, "ఆ ఉత్తరం తేదీ ఎంతండీ?" అని అడిగాడు.

"పద్నాలుగు."

"నేను పంపు మార్చింది మూడున. పదకొండు రోజులు ఆలస్యంగా తిట్టిందన్నమాట" అని కూర్చున్నాడు. ఎవరికో కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు అన్నాడు.

తర్వాత మార్చి 3 ఉత్తరం. అందులో ఒక చోట ఆవిడ ఆగి, మళ్ళీ చదివారు. "నా మంచం ఎటు జరిపారని నేను అడగటం లేదు." కళ్ళజోడు తీసి నన్ను అడిగారు. "ఏమ్మా, ముసలావిడ మంచం జరిపావా?"

నాయనమ్మగారూ, నాకు అప్పుడు తెలిసింది. నేను ఆ మాట పదిసార్లు చదివాను. మంచం గురించి అడగటం లేదు అంటే అడగటం లేదనే అనుకున్నాను. ఇంకొకరి గొంతులో విన్నాకగానీ మీరు ఎంత బాధపడ్డారో నాకు తెలియలేదు. మీ గది నేను ఆక్రమించుకున్నాననుకున్నారు. నేను రావద్దన్నది కూడా అందుకేననుకున్నారు.

అక్కడే, అందరి ముందూ చెప్పేశాను. "మంచం జరపలేదండి. దుప్పటి మడత కూడా మార్చలేదు. మిషను ఆ గదిలో పెట్టింది చప్పుడు కోసం. తలుపు వేసి పగలంతా తొక్కితే, లోపల ఎవరో ఉన్నారని మెట్ల మీద వాళ్ళు అనుకుంటారని. నాకు నోటితో చెప్పడం రాదండి, అందుకని మిషనుతో చెప్పించాను." నేను బతుకులో అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ ఆడలేదు. మీ మనవడు నన్ను కొత్తగా చూశారు.

ఇది మీకు ఫిబ్రవరిలోనే రాయాల్సింది. వెలుతురు గురించి రాసి అసలు సంగతి మర్చిపోయాను. వెలుతురు బాగుందన్నది కూడా నిజమే, అది దాచను.

దగ్గు గురించి మీరు అడిగింది చదివినప్పుడు ఇంటాయన కిటికీ వైపు తిరిగాడు. ఆయన్ని ఏమంటారని ఆఫీసరుగారు అడిగారు. "నేను చెప్పాల్సింది చెప్పాను. మీ ఇష్టం" అన్నాడు. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తీర్పు ఇది. వైద్యం కోసం వెళ్ళడం ఇల్లు వదలడం కాదు. రోజూ ఇంటిని అక్కణ్ణుంచే నడుపుతున్న మనిషి ఇంట్లో లేదనడం కుదరదు. కానీ ఆరు నెలల గడువు గడువే. జూన్ 4 లోపు మీరు తిరిగి రావాలి. రాలేకపోతే, ఇక రానని, మీతో కలిసి ఉన్నవాళ్ళలో ఫలానావాళ్ళ పేరుకి ఇల్లు మార్చమని మీ చేత్తో రాసివ్వాలి. రెండూ లేకపోతే ఆఫీసు అద్దె రద్దు.

ఆ రెండోది రాయమని నేను మిమ్మల్ని అడగను. మీ మనవడు అడగమంటున్నారు. నేను కాదన్నాను. కానీ తీర్పు చెప్పకుండా దాస్తే అబద్ధం అవుతుంది, చెబితే అడిగినట్టు అవుతుంది. ఏం చేయను? చెప్పాను, అడగలేదు. అలాగే చదువుకోండి.

ఇంకొక్కటి. నిన్న పొద్దున మెట్ల మీద చప్పుడైతే తలుపు తీశాను. ఇంటాయన స్టూలు ఎక్కి కొత్త బల్బు పెడుతున్నాడు. పాతది మాడిపోయింది, అక్కడ పగలు కూడా చీకటే కదా. ఆయన నన్ను చూసి, బల్బు సగం తిప్పి, ఆగాడు. ఆ రోజు పంపు దగ్గర ఆగినట్టే.

"దింపండి!" అన్నాను.

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. పై అంతస్తులో తలుపు తెరుచుకుంది. "మా బల్బు మేం పెట్టుకుంటాం. మీది మీరు తీసుకెళ్ళండి" అన్నాను. ఇంకా గట్టిగా.

ఆయన బల్బు విప్పి, చొక్కాకి తుడుచుకుని, సంచీలో వేసుకున్నాడు. స్టూలు దిగి, "సరే. ఇంట్లో మనిషి ఉందన్నమాట" అని దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందా, సంతోషించాడా? ఎంత ఆలోచించినా తెలియడం లేదు. మీకైతే తెలుస్తుంది.

మీ మంచం పక్కన కూర్చుని రాస్తున్న
నేను


ఏప్రిల్ 19

పిల్లా,

కళ్ళు లాగడం తగ్గింది. నిజానికి ఎప్పుడూ లాగలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి మీ అత్తయ్యకి కూడా చదివి వినిపించాను. నవ్వడానికి కాదు.

నేను మెట్లు ఎక్కలేనని జనవరిలోనే డాక్టరు చెప్పాడు. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. అందుకే ఆ మిషను మాట అంత గుచ్చుకుంది. తప్పు నీది కాదు, మిషనుదీ కాదు.

ఇందులో ఒక కాయితం పెట్టాను. ఆఫీసరమ్మకి ఇవ్వు. ఇక్కడి నోటరీ ముందే సంతకం చేశాను. ఇల్లు నీ పేరుకి రాశాను. నీ మొగుడి పేరుకి కాదు. వాడు మంచివాడే, నేనే పెంచాను, కానీ ఎవరైనా బల్బు పెడితే దండం పెట్టి లోపలికి రమ్మనే రకం. వాడి పేరున ఉంటే ఏడాదిలో ఇల్లంతా సౌకర్యాలే. వాడికి కోపం వస్తే ఈ ముక్క చదివి వినిపించు.

ఇంటాయన సంతోషించాడో లేదో అడిగావు. ఆయన మనసు ఆ మాత్రం తెలుసుకోవాలంటే నువ్వూ కొన్నేళ్ళు అరవాలి. దగ్గుకి మిరియాల కషాయం మంచిదని మాత్రం చెప్పకు. చెబితే మనం ఆయనకి సౌకర్యం చేసినట్టు అవుతుంది. టీచరుతో చెప్పించు.

ఇప్పుడు మేకు. మేడ ఆయన చేతికొచ్చిన మొదటి నెల. కుర్రతనం, కొత్త సంచీ, అందరి ఇళ్ళకీ తిరిగి ఏమైనా కావాలా అని అడిగేవాడు. పాపం అనిపించి, అద్దానికి ఒక మేకు కొట్టిపెట్టు నాయనా అన్నాను. కొట్టాడు. ఎంత చక్కగా కొట్టాడో నువ్వే చూశావు. వచ్చే నెల అద్దె పెంచుతూ కాయితం వచ్చింది. 'గోడకు సౌకర్యం' అని. ఆఫీసుకి వెళ్ళాను. ఆ పెంపు కొట్టేశారు. అదే మొదటి వాదన. ఆ మేకుకి అద్దం తగిలిస్తే సౌకర్యం వాడుకున్నట్టు. పీకితే గోడ పాడుచేసినట్టు. అందుకని తగిలించలేదు, పీకలేదు. ఆయన ఎప్పుడు గుమ్మంలోకొచ్చినా తగిలించానేమోనని చూస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాడు.

ఇప్పుడు ఇల్లు నీది, గోడ నీది. తగిలిస్తావో మానుతావో నీ ఇష్టం. నేను ఏమీ చెప్పను.

నా మంచం మాత్రం జరుపుకో. మిషను కిటికీకి దగ్గరగా రావాలి.

నాయనమ్మ


జూన్ 5

నాయనమ్మగారికి,

నిన్నటితో గడువు అయిపోయింది. పేరు మారిన కాయితం మొన్ననే చేతికొచ్చింది. మీ మనవడికి మీ ముక్క చదివి వినిపించాను. ఒక పూట అలిగారు.

ఇంటాయన నిన్న వచ్చాడు. దగ్గు తగ్గింది. కొత్త కాయితం చూపిస్తే, నిలబడే చదువుకుని తిరిగి ఇచ్చాడు. తర్వాత మీ గదిలోకి తొంగి చూశాడు. మిషను కిటికీ దగ్గరికి జరిపాను. మంచం ఆ పక్క గోడకి వేశాను, మీరు ఎప్పుడైనా కుర్చీలో మోయించుకుని వస్తే పడుకోవడానికి.

ఆయన చూసింది అవేవీ కాదు. చూసి, తల ఊపి, సంచీ సర్దుకుని, "మళ్ళీ కలుద్దాం అమ్మాయ్" అని మెట్లు దిగిపోయాడు.

అద్దం బల్ల మీదే ఉంది. వంగి తల దువ్వుకోవడం నాకు అలవాటైపోయింది.

మీ
ఇంటిది